గెలిచేదాకానే

జెమీమా జాతీయ ఛాంపియన్ అయిన పదమూడో రోజున అమెరికాలో, రెడ్‌మండ్‌లోని వాళ్ళింట్లో కృతజ్ఞత కూడిక పెట్టారు. అక్కడి తెలుగు క్రైస్తవ సంఘంలో ఇది మామూలే. గ్రీన్ కార్డు వస్తే కూడిక, ఆపరేషన్ సవ్యంగా జరిగితే కూడిక, కొత్త ఇల్లు కొంటే సరేసరి. రెండు పాటలు, పాస్టర్‌గారి వాక్యోపదేశం, మేలు పొందినవాళ్ళ సాక్ష్యం, ఆ పైన బిర్యానీ. మంచు మీద జారే స్నోబోర్డు ఆటలో గెలిచినందుకు కూడిక పెట్టడం మాత్రం ఆ సంఘానికి కొత్త. ఆ పందెం ఎలా ఉంటుందో వచ్చిన అరవై మందిలో పట్టుమని పదిమందికి కూడా తెలీదు. తెలీకపోయినా అందరూ వచ్చారు, అందరి ముఖాలూ వెలిగిపోతున్నాయి. మరీ ఇంత సంబరం ఏమిటా అని జెమీమాకి కొంచెం ఆశ్చర్యం వేసిన మాట నిజం.

తండ్రి ఆనందబాబు పట్టుబట్టి పతకం మెడలో వేయించాడు. తల్లి ప్రేమజ్యోతి కొన్న నీలం చుడీదారు మీద అది ఊగుతుంటే, వచ్చిన ఆంటీలందరూ చేత్తో పట్టుకుని బరువు చూశారు.

"నిజం బంగారమేనా అమ్మా?"

"నో ఆంటీ, జస్ట్ పైన కోటింగ్."

అది విని ఆవిడ పతకాన్ని వదిలేసి చుడీదారు చాలా బాగుందంది.

జెమీమా ఆటని హాఫ్‌పైప్ అంటారు. కొండ వాలులో మంచుని పెద్ద కాలవలా తవ్వుతారు. రెండు పక్కలా ఇరవై రెండడుగుల మంచు గోడలు. కాళ్ళకి బోర్డు కట్టుకుని ఈ గోడ నుంచి ఆ గోడకి జారుతూ, గోడ అంచు దాటి గాల్లోకి లేచి, గిరగిరా తిరిగి, మళ్ళీ అదే గోడ మీద దిగాలి. అలా ఐదారుసార్లు. అంతా కలిపి అర నిమిషం. ప్రేమజ్యోతిది పాలకొల్లు. మొదటిసారి వీడియో చూసినప్పుడు "నీళ్ళు లేని కాలవలో ఈ గంతులేంటే తల్లీ" అంది. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఇంకో వీడియో చూడలేదు.

నిజానికి ఆ గంతులు నేర్పిన పుణ్యం సంఘానిదే. జెమీమాకి తొమ్మిదేళ్ళప్పుడు పిల్లలందర్నీ స్నోక్వాల్మీ కనుమకి రిట్రీట్ అని తీసుకెళ్ళారు. మిగతా పిల్లలు మంచు ముద్దలు విసురుకుని, వేడి చాక్లెట్ తాగి, బుద్ధిగా వాక్యం వినడానికి లోపలికొచ్చారు. ఇది రాలేదు. వెతగ్గా వెతగ్గా, ఎవరిదో అద్దె బోర్డు కాళ్ళకి తగిలించుకుని చిన్నపిల్లల వాలు మీద పడుతూ లేస్తూ దొరికింది. పళ్ళ మీద రక్తం. నవ్వుతోంది. "ఆ రోజే కూర్చోబెట్టాల్సింది ఇంట్లో" అని ప్రిస్సిల్లా ఆంటీ తర్వాత చాలాసార్లు అంది, ప్రేమగానే. శుక్రవారం ఆడవాళ్ళ ఉపవాస ప్రార్థన నడిపేది ఈ ప్రిస్సిల్లా ఆంటీయే. సంఘంలో ఎవరికి ఏం కష్టమొచ్చినా పాస్టర్‌గారి కంటే ముందు ఆవిడకి తెలుస్తుంది.

పదహారో ఏట జెమీమా కొలరాడో వెళ్ళిపోయింది. అక్కడ కోచ్ డేల్ దగ్గర శిక్షణ, ఒక అమెరికన్ ముసలి దంపతుల ఇంట్లో గది, చదువు లాప్‌టాప్‌లో. తల్లిదండ్రులు వద్దనలేదు. వద్దంటే ఆగే పిల్ల కాదని వాళ్ళకి తెలుసు. అలాగని ఎప్పుడూ చూడటానికీ రాలేదు. పోటీలన్నీ శని ఆదివారాల్లోనే పడతాయి. ఆనందబాబు సంఘంలో పనులు చూసే డీకన్, ఆదివారం మానడం ఆయన ఒంట్లో లేదు. ప్రేమజ్యోతికి ఎత్తంటేనే కళ్ళు తిరుగుతాయి. ఫోన్ చేస్తే "దెబ్బలేం తగల్లేదు కదా, తిన్నావా" అనే రెండు ప్రశ్నలే. మూడో ప్రశ్న లేదు.

ఛాంపియన్ అంటే చుట్టూ జనం ఉంటారనుకుంటాం. జెమీమా ఎనిమిది శీతాకాలాలు దాదాపు ఎవరూ లేకుండా గడిపింది. తెల్లారకముందే వ్యాన్, పగలంతా కొండ, సాయంత్రం బోర్డుకి మైనం రాసుకోవడం, మైక్రోవేవ్‌లో అన్నం, ఆవకాయ. తోటి ఆటగత్తెలు మంచివాళ్ళే, వాళ్ళ మాటలు వాళ్ళ ఊళ్ళ గురించి, వాళ్ళ కుక్కల గురించి. పోటీ రోజున కింద వాళ్ళ అమ్మానాన్నలు అక్కడి అలవాటు చొప్పున ఆవు మెడగంటలు ఊపుతూ అరుస్తుంటారు. జెమీమా పరుగు ముగించి కిందకొచ్చి కళ్ళద్దాలు తీస్తే, ఎవరో ఒకళ్ళ అమ్మ జాలిపడి ఆమెకోసం కూడా నాలుగుసార్లు గంట ఊపేది. ఆ జాలి గంట అంటే జెమీమాకి ఒళ్ళు మంట. అయినా అది వినబడకపోతే ఇంకా బాధగా ఉండేది.

రెండేళ్ళ క్రితం ఫిబ్రవరిలో పడింది. గాల్లో మూడోసారి తిరుగుతుండగా లెక్క తప్పి గోడ అంచు మీద వీపుతో పడి, అక్కణ్ణుంచి అడుగుకి జారింది. పదకొండు నిమిషాలు కళ్ళు తెరవలేదు. భుజం విరిగింది, మూడు పక్కటెముకలు విరిగాయి, కడుపులో రక్తస్రావం. ప్రేమజ్యోతి దొరికిన విమానం ఎక్కి ఒక్కతే వచ్చింది. ఆరు వారాలు ఆస్పత్రి దగ్గరే గది తీసుకుని కూతురికి అన్నం తినిపించింది, తల దువ్వింది. మళ్ళీ బోర్డు ఎక్కుతానని కూతురు అన్నప్పుడు ఒక్క మాట కూడా అడ్డు చెప్పలేదు. జెమీమా దెబ్బలాటకి సిద్ధపడి ఉంది. తల్లి మాత్రం "సరే, గెలువు" అంది.

అక్కణ్ణుంచి అంతా మారిపోయింది. వాట్సాప్‌లో 'జెమీమా విజయం కొరకు ప్రార్థన' అని గ్రూపు పుట్టింది. నలభై ఇద్దరు మనుషులు. ప్రతి పోటీకి ముందు వరసగా వాయిస్ మెసేజ్‌లు. ప్రిస్సిల్లా ఆంటీ ఒక్కోసారి నాలుగు నిమిషాలు ప్రార్థన చేసేది, "ప్రథమ స్థానమే దయచేయుము తండ్రీ, రెండోది వద్దు" అని. జెమీమాకి నవ్వొచ్చేది, కళ్ళ నీళ్ళూ వచ్చేవి. ఫైనల్ ఉన్న రోజు తల్లి ఫోన్ చేసి ప్రార్థన చేస్తుంటే, కొండ మీద హెల్మెట్ తీసి చెవికి పెట్టుకుని వినేది. డేల్ కూడా అప్పుడు దూరంగా జరిగి నిలబడేవాడు. ఇన్నాళ్ళకి నా మనుషులు నాతో వచ్చారనుకుంది ఆ పిల్ల. ఆ రెండేళ్ళూ కొండ మీద ఆమెకి చలి తగ్గినట్టే ఉండేది.

ఈ మార్చిలో గెలిచింది. మొదటి రెండు పరుగుల్లో తడబడి, మూడోదాంట్లో ఎక్కడా తప్పు లేకుండా దిగింది. స్కోరు బోర్డు మీద పేరు పైకెక్కగానే కింద నిలబడే ఇంటికి ఫోన్ చేసింది. అవతల ప్రేమజ్యోతి ఏడ్చిన ఏడుపు చుట్టుపక్కల వాళ్ళకి కూడా వినబడింది. అమ్మ ఇంత సంతోషపడటం పుట్టి బుద్ధెరిగాక చూళ్ళేదనుకుంది జెమీమా.

ఇక కూడిక సంగతి. పాటలయ్యాయి, వాక్యం అయింది. పాస్టర్ సుందరరావుగారు "ఇప్పుడు మన చెల్లి సాక్ష్యం" అంటుండగానే, "ముందు నేనొక్క మాట చెప్పాలి పాస్టర్‌గారూ" అని ప్రిస్సిల్లా ఆంటీ కొంగు తల మీదికి లాక్కుంటూ లేచింది. ఆవిడ లేచిందంటే పాస్టర్‌గారు కూర్చోవాల్సిందే.

"మీకందరికీ తెలుసు, తెలియనిదల్లా ఈ బిడ్డకే" అంది ఆవిడ, జెమీమా వైపు వాత్సల్యంగా చూస్తూ. "రెండేళ్ళ కిందట ఆపరేషన్ థియేటర్ బయట కూర్చుని వాళ్ళ మమ్మీ నాకు ఫోన్ చేసింది. సిస్టర్, నేను మొక్కుకుంటున్నాను, మీరు సాక్షిగా ఉండండి అంది. ప్రభువా, నా బిడ్డని బతికించు. ఒక్కసారి దానికి ప్రథమ స్థానం ఇయ్యి, దాని మనసు నిండనియ్యి. ఆ రోజుతో దాన్ని ఆ కొండ మీద నుంచి దింపి నీకు అప్పగిస్తాను, మళ్ళీ బోర్డు ముట్టనివ్వను అంది. ఆ మొక్కుబడి మీద మనమందరం రెండేళ్ళు ఉపవాసముండి ప్రార్థన చేశాం. దేవుడు తన వంతు చేశాడు. ఇవాళ మన వంతు. హల్లెలూయా!"

"హల్లెలూయా!" అన్నారు అరవై మంది. చప్పట్లు కొట్టారు. కొంతమంది కళ్ళు తుడుచుకున్నారు.

జెమీమా తల్లి వైపు చూసింది. ప్రేమజ్యోతి తల వంచుకుని చీర అంచు వేళ్ళకి చుట్టుకుంటోంది. ఆ పదమూడు రోజుల్లో ఈ మాట కూతురి చెవిన వేద్దామని ఎన్నిసార్లు అనుకుందో, ఎన్నిసార్లు ధైర్యం చాలక దోసెలు పోసి పెట్టిందో ఆ వంచిన తలలోనే తెలిసిపోతోంది.

నలభై ఇద్దరూ ఆమె గెలవాలని నిజంగానే కోరుకున్నారు. గెలిస్తే మానేస్తుందని కోరుకున్నారు. జెమీమాకి అంతకన్నా ఇంకేమీ బుర్రకెక్కలేదు. కొండ మీద చెవికి ఫోన్ పెట్టుకుని విన్న ప్రతి ప్రార్థనా తనని కిందికి దింపడానికేనని అర్థమైంది. ఎనిమిదేళ్ళ ఒంటరితనం ఇంతలా నొప్పి పెట్టలేదు.

"చెప్పమ్మా, సాక్ష్యం" అన్నారు పాస్టర్‌గారు.

లేచి నిలబడింది. "థాంక్యూ ఎవ్రీవన్. మీరు ప్రే చేశారు, నేను గెలిచాను. ఇది నాకు తెలీదు" అంది. ఇంకేమైనా అంటుందేమోనని అందరూ కాసేపు చూశారు. ఆమె కూర్చుంది. పాస్టర్‌గారు తెలివైన మనిషి, వెంటనే భోజనానికి ప్రార్థన ఎత్తుకున్నారు. బిర్యానీ మాత్రం చాలా బాగా కుదిరిందన్నారు అందరూ.

జనం వెళ్ళేసరికి సాయంత్రం ఆరైంది. వంటింట్లో ప్రేమజ్యోతి మిగిలిన బిర్యానీని డబ్బాల్లోకి సర్దుతోంది. జెమీమా వచ్చి ఫ్రిజ్‌కి ఆనుకుని నిలబడింది. పతకం తీసేసింది.

"ఎందుకు నాకు చెప్పలేదు మమ్మీ?"

"చెబితే ఒప్పుకునేదానివా?"

"నో."

"మరింకేం."

"దట్స్ నాట్ ఫెయిర్. నీ దగ్గర ఉన్నది ఇవ్వొచ్చు కదా దేవుడికి. నాది ఎందుకిచ్చావ్?"

ప్రేమజ్యోతి చేతిలో గరిటె ఆగింది. "నా దగ్గరేముందే? నాలుగు గంటలు బయట కూర్చున్నాను. ఏమిస్తానంటే వింటాడా అని వెతుక్కున్నాను. ఉద్యోగమా? ఈ ఇల్లా? ఇవి ఆయనకెందుకు? నాకు ప్రాణమైనదేదైనా ఇద్దామంటే నువ్వు తప్ప ఇంకేమీ కనబడలేదు."

"అయితే జస్ట్ ఇంటికి తీసుకొస్తానని చెప్పాలి. గెలవాలని ఎందుకడిగావ్?"

"గెలవకుండా నువ్వు రావని నాకు తెలీదా? తొమ్మిదేళ్ళప్పట్నుంచీ చూస్తున్నాను నిన్ను."

అంతవరకూ కోపంగా ఉన్న జెమీమాకి ఈ మాటతో ఏడుపొచ్చింది. ఇంతకాలం అమ్మకి తన ఆట గురించి ఏమీ తెలీదనుకుంది. అసలైనది తెలుసు. తెలిసి దాన్నే వాడుకుంది.

ప్రపంచ పోటీలకి తిరిగే జాతీయ జట్టులో చోటిస్తూ వచ్చిన కాగితాలు ఆమె గదిలో ఉన్నాయి. సోమవారం లోపల సంతకం పెట్టి పంపాలి. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఆదివారమంతా ఎవరూ దాని ఊసెత్తలేదు. సోమవారం పొద్దున డైనింగ్ టేబుల్ దగ్గర తల్లి చూస్తుండగానే జెమీమా లాప్‌టాప్ తెరిచి సంతకం పెట్టి పంపేసింది. చాటుగా పంపొచ్చు. చాటుగా చేయడం ఇంట్లో ఒకసారి జరిగింది, చాలనుకుంది.

"నేను దేవుడికి ఏం చెప్పుకోను?" అంది ప్రేమజ్యోతి. అరవలేదు, ఏడవలేదు.

"నాకు తెలీదు మమ్మీ" అంది జెమీమా. అది నిజమే.

ఎండాకాలం కొలరాడోలోనే గడిచింది. నవంబరులో మంచు పడింది. జాతీయ జట్టు కోటు వేసుకుని జెమీమా ఊళ్ళు తిరిగింది. మొదటి పోటీలో తొమ్మిదో స్థానం, తర్వాతదాంట్లో ఆరు, ఆ పైన నాలుగు. బోర్డు మీద ఎప్పుడూ లేనంత బాగా ఉందని డేల్ అన్నాడు. ఇంటి నుంచి ఫోన్లు వచ్చేవి, అవే రెండు ప్రశ్నలు, దెబ్బలు, తిండి. పోటీ రోజున మాత్రం ఫోన్ మోగేది కాదు. గ్రూపులోంచి ఆమెని ఎవరూ తీసెయ్యలేదు. అందులో ఎవరూ ఏమీ రాయడం మానేశారు, అంతే. కొండ మీద తన వంతు కోసం నిలబడినప్పుడు అలవాటు చొప్పున జేబు తడుముకునేది. తర్వాత ఆ అలవాటూ పోయింది. మళ్ళీ అదే పాత చలి. ఈసారి దాన్ని కావాలని తెచ్చుకుంది కాబట్టి ఎవరిమీదా నెట్టే వీల్లేదు.

సంఘంలో కొందరు ఆమె పడుతుందని ఎదురుచూశారు. పైకి ఎవరూ అనరు, అంత చెడ్డవాళ్ళు కాదు. కానీ మొక్కుబడి తప్పితే ఏదో ఒకటి జరిగి తీరాలి కదా. ఏదీ జరగలేదు. పిల్ల నిక్షేపంగా ఉంది. దాంతో వాళ్ళకి ఏమనుకోవాలో తోచలేదు.

జరిగింది వేరే. జనవరి చివర్లో ఒక మధ్యాహ్నం ఆనందబాబు ఫోన్ చేశాడు. ఆఫీసు పార్కింగ్‌లోంచి చేస్తున్నట్టున్నాడు, వెనక కార్ల చప్పుడు.

"ఎలా ఉన్నావమ్మా? మీ మమ్మీకి చెప్పకు నేను చేశానని."

"ఏమైంది డాడీ?"

"ఏం కాలేదు. బానే ఉంది. ఒక్కటే... మీ మమ్మీ బల్ల తీసుకోవట్లేదమ్మా."

ప్రతి నెలా మొదటి ఆదివారం సంఘంలో ప్రభువు బల్ల. రొట్టె, ద్రాక్షరసం పళ్ళాల్లో పెట్టుకుని వరస వరసకీ తీసుకెళ్ళేది డీకన్లే. దేవుడితోనో, తోటి మనిషితోనో తేలని తగువున్నవాళ్ళు ముట్టుకోకూడదు. ముట్టుకోకుండా కూర్చున్నవాళ్ళని అందరూ చూస్తారు, ఎవరూ అడగరు. పాలకొల్లులో బాప్తిస్మం తీసుకున్న పదమూడో ఏటి నుంచి ప్రేమజ్యోతి బల్ల తప్పింది లేదు. జెమీమా పుట్టిన వారానికే, అందరూ వద్దంటున్నా, కుట్లతో వచ్చి తీసుకున్న మనిషి.

"ఎప్పట్నుంచి?"

"మేలో మొదటి ఆదివారం నుంచి. ముందు ఊరికే కూర్చునేది. నేనే కదా పళ్ళెం పట్టుకెళ్ళేది. నా చేతిలోంచి తీసుకుని పక్కావిడకి ఇచ్చేసేది. ఇప్పుడు అదీ లేదు. ఆ టైముకి లేచి బయటికెళ్ళి కార్‌లో కూర్చుంటుంది." ఆయన గొంతు తగ్గించాడు. "పాస్టర్‌గారు రెండుసార్లు చెప్పి చూశారు, తీసుకోండమ్మా, ఏం ఫర్లేదు అని. ప్రిస్సిల్లా కూడా ఇంటికొచ్చి ఏడ్చింది, నేనలా అందరి ముందూ అనకుండా ఉండాల్సిందని. వినదు. నేను నిన్ను రమ్మనడం లేదు. ఎవరికో ఒకళ్ళకి చెప్పుకోవాలనిపించింది."

ఫిబ్రవరి మొదటి ఆదివారం జెమీమాకి రెండు పోటీల మధ్య ఖాళీ వచ్చింది. ఎవరికీ చెప్పకుండా పొద్దున్నే ఇంటికి దగ్గరి సియాటెల్‌కి విమానం ఎక్కింది. తెలుగు ఆరాధన ఒక అమెరికన్ చర్చిలో మధ్యాహ్నం ఒంటిగంటకి, వాళ్ళు ఖాళీ చేశాక. టాక్సీ దిగేసరికి రెండున్నర. సన్నగా వాన. పార్కింగ్ నిండా కార్లు, మనుషులెవరూ లేరు. తమ కారు వెనక వరసలో, గోడ పక్కన ఉంది. అద్దాల మీద ఆవిరి పట్టింది.

ప్రేమజ్యోతి ముందు, ఎప్పుడూ తను కూర్చునే కుడి పక్క సీట్లోనే కూర్చుని ఉంది, ఆనందబాబు వచ్చి కారు తీస్తాడన్నట్టు. తల మీద కొంగుంది. ఒళ్ళో బైబిలు మూసే ఉంది. జెమీమా డ్రైవర్ సీటు తలుపు తీసుకుని లోపలికొచ్చి కూర్చుంది.

ప్రేమజ్యోతి ఉలిక్కిపడింది. "నువ్వా! ఎప్పుడొచ్చావే?"

"ఇప్పుడే. ఆరింటికి మళ్ళీ ఫ్లైట్."

"తిన్నావా?"

"ఫ్లైట్‌లో ఏదో."

"మీ డాడీ చెప్పారా?"

జెమీమా సీటు ముందుకి జరుపుకుంది. లోపల పాట మొదలైంది, గోడ ఇవతలికి డోలక్ ఒక్కటే స్పష్టంగా వినబడుతోంది. బల్లకి ముందు పాడే పాట. ఇద్దరికీ తెలుసు.

"లోపలికి వెళ్ళు మమ్మీ. పాస్టర్ అంకుల్ ఓకే అన్నారంట కదా."

"ఆయన సరేనంటే సరిపోతుందా? నేను మాటిచ్చింది ఆయనకా?"

"సో, ఎప్పటిదాకా ఇలా?"

"తెలీదు."

వాన కొంచెం పెరిగింది. జెమీమా స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుంది. అమ్మ కోపంగా ఉంటే ఎదురు చెప్పేది. ఏడిస్తే ఓదార్చేది. ఇలా చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎవరినీ ఏమీ అనకుండా కూర్చుంటే ఏం చేయాలో తోచలేదు. అమ్మకి ఉన్నదల్లా ఈ సంఘం, ఈ బల్ల. తన కోసం అదీ పోగొట్టుకుంది.

"ఆపేయనా?" అంది. ఆ క్షణంలో నిజంగానే అంది. "నేను ఆపేస్తే నువ్వు లోపలికెళ్తావ్ కదా? నేను ఆపేస్తాను."

రెండేళ్ళపాటు ప్రేమజ్యోతి ఏ మాట కోసం ఉపవాసాలుందో ఆ మాట కూతురే తెచ్చి చేతిలో పెట్టింది. ఊఁ అంటే చాలు. తలుపు తీసుకుని వెళ్ళి భర్త చేతిలో పళ్ళెం అందుకోవచ్చు.

"వద్దు" అంది.

"వై?"

"చూశాను నిన్ను. ఈ ఏడాదివి అన్నీ చూశాను, ఫోన్‌లో. ఒక్కటి కూడా వదల్లేదు."

జెమీమా తిరిగి చూసింది. "నువ్వా? నీకు కళ్ళు తిరుగుతాయి కదా."

"తిరుగుతాయి. గోడ పట్టుకుని చూస్తాను."

"ప్రే చేస్తూనా?"

"ఎక్కడే! ఏ ముఖం పెట్టుకుని అడగను? ఇచ్చిన మాట తప్పి, మళ్ళీ కాపాడమని అడగనా? ప్రార్థన రావట్లేదు నాకు. పది నెలలైంది. ఊరికే చూస్తాను, అంతే."

తల్లి నోట ఆ మాట వింటానని జెమీమా కలలో కూడా అనుకోలేదు. ఈవిడ ప్రార్థన చేయలేకపోవడమంటే నడవలేకపోవడమే.

ప్రేమజ్యోతే మళ్ళీ అంది. "నీ వంతు వచ్చే ముందు పైన ఒక్కదానివే నిలబడతావు చూడు. వాళ్ళు నీ ముఖం దగ్గరగా చూపిస్తారు. అప్పుడు ఏమనుకుంటావే?"

పదహారేళ్ళ ఆటలో తల్లి అడిగిన మూడో ప్రశ్న ఇది.

"ఏమీ లేదు. చాలా సైలెంట్‌గా ఉంటుంది."

"దగ్గర ఎవరూ ఉండరా?"

"ఉండరు."

"దేవుడు కూడానా?"

అబద్ధం చెప్పడం చాలా తేలిక. చెప్పాల్సిన మాట చిన్నప్పట్నుంచీ సండే స్కూల్లో నేర్పిందే. తనని చూస్తున్న ఆ కళ్ళకి అబద్ధం చెప్పాలనిపించలేదు.

"ఇంతకుముందు నీ ఫోన్ ఉండేది. ఇప్పుడు ఎవరూ లేరు మమ్మీ."

"భయం వెయ్యదా?"

"వేస్తుంది. ఎవ్రీ టైమ్."

"అయినా దిగుతావా?"

"అయినా దిగుతాను."

ప్రేమజ్యోతి కొంగు జారితే మళ్ళీ తల మీదికి సర్దుకుంది.

"నేనూ అంతేనే" అంది. "ఆయన ఉన్నట్టే అనిపించట్లేదు. అయినా ప్రతి ఆదివారం తల మీద కొంగేసుకుని వచ్చి ఇక్కడ కూర్చుంటున్నాను."

లోపల పాట ఆగింది. పాస్టర్‌గారి గొంతు, ఆ తర్వాత నిశ్శబ్దం. ఇప్పుడు పళ్ళాలు వరసల్లో తిరుగుతూ ఉంటాయి. కారు అద్దాల మీద ఆవిరి ఇంకా దట్టమై బయట ఏమీ కనబడటం లేదు. జెమీమా స్టీరింగ్ మీంచి చెయ్యి తీసి తల్లి చేతి మీద వేసింది. చెయ్యి మంచులా ఉంది. ప్రేమజ్యోతి దాన్ని వెనక్కి తీసుకోలేదు. గోడ అవతల అందరూ ఒక్క గొంతుతో ఆమేన్ అన్నారు. కారులో ఇద్దరూ అనలేదు.